గ్రాగిల్ వంతెన దగ్గర ముందు సీటు

చీకటి పడ్డాక గ్రాగిల్ లోయ దాటాల్సి వస్తే ఎంతటివాడికైనా గుండె పీచుపీచుమంటుంది. ఉత్తర ఐస్‌లాండ్‌లో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. అక్కడి వంతెన మీద గుర్రాలు మొండికేస్తాయి... నిక్షేపంలాంటి కార్లు ఆగిపోతాయి. ఎప్పుడో మంచు తుపానులో బిగుసుకుపోయి చచ్చిన ఇంగున్ అనే పనిపిల్ల అక్కడ కాపేసి ఉంటుందట. తొమ్మిది తరాలు వెంట వస్తానని శపించి మరీ పోయిందట.

ఎవరి వెంట? తనని పనిలో పెట్టుకున్న గ్రాగిల్ ఆసామి కొడుకు తోర్కెల్ సంతానం వెంట. అందుకే ఆ వంశంవాళ్ళకి ఒక ఆచారం ఉంది. వంతెన దగ్గర కారు ఆపి, వెనక తలుపు తీసి పట్టుకుంటారు... ఆ పిల్ల ఎక్కడానికి. ఎక్కించుకుంటే ఊరుకుంటుంది, లేకపోతే కారుని వాగులోకి తోసేస్తుందని వాళ్ళ భయం.

సెప్టెంబరులో గొర్రెలు కొండ దిగే రోజుల్లో ఆ వంశమంతా ఒకచోట చేరుతుంది. ఆ రాత్రి థోర్దీస్ అక్కడికే కారు నడుపుతోంది. పక్క సీట్లో ఆమె చిన్నాన్న గిస్లి, అతని ఒళ్ళో ఆమె ల్యాప్‌టాప్. పొద్దున్నే అచ్చు తీసి అందరికీ పంచాల్సిన వంశవృక్షం అందులోనే ఉంది. ముసలివాళ్ళు చెప్పిన కథలు, చర్చి రికార్డులు, సమాధుల ఫోటోలు... ఏళ్ళ తరబడి పోగేసి, ఏ మనిషివి ఆ మనిషి పేరు కింద సాఫ్ట్‌వేర్‌లో సర్దింది థోర్దీసే. పుస్తకం అట్ట మీద పేరు మాత్రం గిస్లిది. పెద్దమనిషి కదా!

గిస్లి ఎండుచేప నములుతూ తెర వైపు వంగాడు.

"ఈ ఎర్ర గుర్తేంటమ్మాయ్?"

"సాఫ్ట్‌వేర్ తప్పు పట్టుకుంది. తోర్కెల్ పుట్టేనాటికి వాళ్ళమ్మ గుద్రిద్‌కి యాభై ఎనిమిదేళ్ళు."

"అయితే?"

"ఆ వయసులో ఎవరు కంటారు? కాస్త కిందకి జరుపు. అన్నీ తేదీల వరసలో పెట్టాను. తోర్కెల్ పుట్టిన వారం తిరక్కుండానే ఇంగున్‌ని తుపానులోకి గెంటేశారు. ఎందుకట? అర్ధరాత్రి పసివాడి ఉయ్యాల దగ్గర దొరికిందట, దొంగతనానికి వచ్చిందట! ఉయ్యాల్లో దొంగిలించడానికి ఏముంటుంది చిన్నాన్నా?"

గిస్లి నమలడం ఆపాడు.

"పాలివ్వడానికి వెళ్ళింది." థోర్దీస్ స్టీరింగ్ మీద చరిచింది. "ఆ పిల్లకి కడుపు చేసింది ఆసామి. బయటపడితే ఆ రోజుల్లో కొరడా దెబ్బలు. అందుకని బిడ్డని పెళ్ళాం ఒళ్ళో పెట్టి, తల్లిని చావుకి తోలాడు. పాస్టరు గుద్రిద్ తమ్ముడే... ఏం చెబితే అది చర్చి రికార్డులో రాశాడు. తొమ్మిది తరాలు వస్తానన్నది శాపమా? కన్నబిడ్డ వెంట వస్తానంది ఆ తల్లి!"

"అంతా నీ ఊహ."

"అయితే ఇంకెవరు కన్నారో నువ్వు చెప్పు."

గిస్లి టకటకా ఏవో మీటలు నొక్కి, తృప్తిగా వెనక్కి వాలాడు.

"పోయింది ఎర్ర గుర్తు."

"ఏం చేశావ్?"

"గుద్రిద్‌ని ఇరవై ఏళ్ళు చిన్నదాన్ని చేశాను. సరిపోయింది. మనం ఆసాముల బిడ్డలం. దిక్కూమొక్కూ లేని పనిదాని కడుపున పుట్టామని అచ్చేయించుకుంటామా?"

థోర్దీస్ నోరు తెరిచేలోగా కారు వెలుతురులో వంతెన కనబడింది.

"ఆపు, ఆపు! గ్రాగిల్..." గిస్లి గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. "తలుపు తియ్యాలి."

కారు ఆగింది. అతను ల్యాప్‌టాప్ సీట్లో పెట్టి, దిగి, వెనక తలుపు తీశాడు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు. చీకట్లోకి తల వంచి, "ఎక్కమ్మా... మా జోలికి రాకమ్మా..." అని గుసగుసగా అన్నాడు.

అది చూసేసరికి థోర్దీస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సిగ్గులేదూ నీకు? కారులో సీటిస్తావు... వంశంలో చోటివ్వవా?"

ల్యాప్‌టాప్ లాక్కుంది. గుద్రిద్ వయసు మళ్ళీ ఉన్నదున్నట్టు పెట్టింది. తోర్కెల్ తల్లి పేరు చెరిపేసి, అక్కడ ఇంగున్ అని కొట్టింది. సేవ్ చేసి, మూసి, అతనికి అందకుండా తన సీటు కిందకి తోసేసింది. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ముందు తలుపు తీసి పట్టుకుంది.

"నువ్వు వెనకెక్కు చిన్నాన్నా. ఆవిడ మన అవ్వ. ముందు కూచుంటుంది."

"పిచ్చెక్కిందా నీకు?"

"ఎక్కుతావా... ఇక్కడే ఉంటావా?"

గిస్లి చీకటి వైపోసారి చూసి, గబగబా వెనక ఎక్కి తలుపేసుకున్నాడు.

థోర్దీస్ తలుపు తీసి పట్టుకునే నిలబడింది. లోయలోంచి గాలి హోరుమంటోంది. ఉన్నట్టుండి... ఆగిపోయింది. ఎవరూ కనబడలేదు. అడుగుల చప్పుడూ లేదు.

"రా అవ్వా," అంది మెల్లగా. కాసేపు ఆగి తలుపు వేసింది.

కారు వంతెన దాటింది. ఇంజను మొరాయించలేదు. దాంతో గిస్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"నీ ముచ్చట తీరిందిగా," అని వెనకనుంచి వెటకారంగా అన్నాడు. "పాత కాపీ నా ఫోన్లో ఉంది. పొద్దున అచ్చుకెళ్ళేది అదే. ఆ దొంగముండ పేరు..."

టింగ్.

అతను ఆగాడు.

టింగ్... టింగ్... టింగ్...

స్టీరింగ్ వెనక చిన్న దీపం వెలిగి ఆరుతోంది. ఆమె పక్కన ముందు సీట్లో కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోలేదని కారు గోల పెడుతోంది.

ఆ సీట్లో ఎవరూ లేరు. కనీసం సంచీ అయినా లేదు.

థోర్దీస్ బండి పక్కకి తీసి ఆపింది. చేతులు చల్లబడ్డాయి, అయినా కోపం మాత్రం చల్లారలేదు. అటు వంగి, ఖాళీ సీటు బెల్టు పట్టుకుని లాగింది. అది నేరుగా రాలేదు... మధ్యలో దేనికో ఆనుకుంది, దాని చుట్టూ మెత్తగా తిరిగి వచ్చింది. క్లిక్‌మంది.

టింగ్ ఆగిపోయింది.

థోర్దీస్ అద్దంలోంచి వెనక సీటు వైపు చూసింది.

"ఏదీ... ఆ మాట ఆవిడ ముందు మళ్ళీ అను చిన్నాన్నా."