ఐదో ముక్క

తనీష్ క్లాసు నుంచి వచ్చేసరికి, బేస్‌మెంట్ వంటగదిలో కొత్తగా దిగిన అమ్మాయి కూరగాయల కత్తితో కాక్టస్‌ను ముక్కలు చేస్తోంది.

అతని భుజం మీది బ్యాగు జారి కింద పడింది.

"ఏం చేస్తున్నవ్? అది ఓనర్‌ది. చనిపోయిన ఆయన భార్య పెంచిన మొక్క."

"తెలుసు. రోజూ నీళ్ళు పోసింది మీరేనా?"

"రోజూ పోసిన. ఒక్కరోజు మర్చిపోలే."

"అందుకే మొదలు కుళ్ళింది. వాసన చూడండి."

చూశాడు. ముక్కు మూసుకున్నాడు.

ఆమె పేరు మధుమిత. కడియంలో వాళ్ళ నాన్నకు నర్సరీ ఉంది. తనీష్‌ది జగిత్యాల దగ్గర పల్లె. ముళ్ళ మొక్కను చేను కంచెలో తప్ప ఎక్కడా చూడలేదు. 2023లో ఈ విదేశీ నగరపు శివారు స్కార్‌బరోలో విద్యార్థికి గది దొరకడమే గగనం. పై అంతస్తులో ఉండే ఓనర్ పాండురంగ గారు రెండు నెలలు ఇండియా వెళ్తూ అతనికి ఒకే ఒక పని అప్పగించారు. దాన్ని అతిగా చేసి చెడగొట్టాడు.

మర్నాడే ఆయన తిరిగి వచ్చారు. పాత పేపరు మీద ఐదు పచ్చని ముక్కలు ఆరుతున్నాయి. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు.

"మా హైమావతి పదేళ్ళు పెంచింది. ఎవరు కోశారు?"

"నేనే అంకుల్. కోసినచోట ఆరాక ఇసుక మట్టిలో పెడితే వేరొస్తుంది."

"వేరు చూపించండి. అప్పటిదాకా ఇద్దరూ గది వదలడానికి వీల్లేదు. వదిలితే అడ్వాన్సు రాదు."

నార్త్ యార్క్‌లో మధుమిత కాలేజీ పక్కనే స్నేహితురాలు స్నేహ ఆమె కోసం తన గదిలో ఒక బెడ్ ఆపి ఉంచింది. ఇక్కడి నుంచైతే రెండు బస్సులు, సబ్‌వే, గంటన్నర.

"వేరు రాగానే వెళ్ళిపోతా," అంది తనీష్‌తో.

వారం తర్వాత నాలుగు ముక్కలు నాటి, కిటికీలో పెట్టింది. ఐదోది ఎండిపోయిందని, పారేశానని చెప్పింది.

జూన్ అంతా వాన. కిటికీ నేలమట్టంలో ఉంది. దాంట్లోంచి కనబడేది ఎగిరిపడే చినుకులు, నడిచే చెప్పులు. వీళ్ళిద్దరూ ఒకే కుక్కర్‌లో అన్నం వండుకోవడం మొదలుపెట్టారు. ఆమె మాటల్లో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"పప్పుకి కూడా రోజూ నీళ్ళు పోస్తావా?"

"పప్పు చావదు గద."

ఆరు వారాలైనా ఒక్క ముక్కకూ వేరు కనబడలేదు.

"నర్సరీ వాళ్ళ బిడ్డవి. ఇదేనా నీ పనితనం?" అన్నాడు తనీష్. ఆమె కుక్కర్ మూత బిగించింది.

ఒకరోజు బస్సు తప్పిపోయి మధుమిత వెనక్కి వచ్చింది. తనీష్ చేతికి సాక్సు తొడుక్కుని, ఒక ముక్కను మట్టిలోంచి పైకి లాగుతున్నాడు. అడుగున దారపు పోగుల్లాంటి వేళ్ళు. వాటిని వేలితో తుడిచేసి, మళ్ళీ గుచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

అతను మొక్కకు అడ్డంగా నిలబడ్డాడు.

"రోజూ పీకుతున్నావా?"

"రోజూ కాదు. రెండ్రోజులకోసారి."

"ఎందుకు?"

"వేరొస్తే నువ్వు పోతవ్ గద."

ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సూట్‌కేసు జిప్పు చప్పుడు. తనీష్ సాక్సు చేత్తోనే కుర్చీలో కూలబడ్డాడు.

తలుపు తెరుచుకుంది. ఆమె చేతిలో సూట్‌కేసు లేదు. పెరుగు డబ్బా ఉంది. అందులో ఐదో ముక్క. కొసన కొత్త ముళ్ళు. డబ్బా వంచితే మట్టి చుట్టూ తెల్లని వేళ్ళు.

"ఇది పారేసిన అన్నవ్."

"నీ నీళ్ళకి అందకుండా సూట్‌కేసులో దాచా. పగలు బయట పెట్టి, నువ్వొచ్చే వేళకి లోపల పెట్టేదాన్ని."

"వేరు ఎప్పుడొచ్చింది?"

"మూడు వారాలైంది."

తనీష్‌కు లెక్క తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

"మరి నువ్వు పోలే."

"పోలేదు."

డబ్బా పట్టుకుని ఇద్దరూ పైకి వెళ్ళారు. జరిగింది జరిగినట్టు చెప్పారు. పాండురంగ గారు వేళ్ళను చాలాసేపు చూశారు. ఇద్దరి మొహాలూ చూశారు. నవ్వలేదు.

"మిగతా నాలుగూ?"

"ఇంకా రాలేదంకుల్."

"అవీ వచ్చేదాకా ఎవరూ కదలొద్దు."

డబ్బా తీసుకుని తలుపు వేసుకున్నారు.

మెట్ల మీదే నిలబడి మధుమిత స్నేహకు ఫోన్ చేసింది, ఆ బెడ్ వేరే ఎవరికైనా ఇచ్చెయ్యమని.