కొప్పు విప్పని పిల్ల

ముందు గదిలో బ్యూటీ పార్లర్, వెనక రెండు గదుల్లో కాపురం. తొమ్మిదయ్యేసరికి ఆమె అద్దాలు తుడిచి, దువ్వెనలు వేడినీళ్ళలో వేసి సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు మొదటి కస్టమరు రావడానికి ఇంకా గంట టైముంది. కూతురి ఫైనల్ పరీక్షలకు మాత్రం పదకొండు రోజులే ఉన్నాయి.

"రావే, తల కడుగుతాను. ఎన్నాళ్ళయిందో నీ జుట్టు ముట్టుకుని," అని పిలిచింది.

"వద్దమ్మా, నేనే కడుక్కుంటాలే."

"ఊరంతా డబ్బిచ్చి కడిగించుకుంటుంటే, ఊరికే కడుగుతానన్నా నీకు బెట్టేనా?"

పిల్ల నవ్వలేదు. రెండు నెలలుగా జుట్టంతా కొప్పులా చుట్టుకుని, పడుకునేటప్పుడు కూడా విప్పడం లేదు. చదువుకి అడ్డం రాకుండా కాబోలనుకుంది తల్లి. ఇప్పుడు వెనకనుంచి వెళ్ళి, ఆటగా క్లిప్పు లాగేసింది.

జుట్టు భుజాల మీద పడింది. కుడి చెవి పైన అరచేతిలో సగమంత మేర బోడిగా ఉంది.

ఆమె చేతులు వాటి పని అవి చేశాయి. తలని వెలుతురు వైపు తిప్పి, వేలితో తడిమింది. జబ్బుతో ఊడితే నున్నగా ఉంటుంది. ఇక్కడ ఒకటి పొట్టిగా, ఇంకొకటి మరీ పొట్టిగా గరగరా తగులుతున్నాయి. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"నువ్వే పీక్కుంటున్నావా?"

పిల్ల తలూపింది. "ఆపేద్దామనే అనుకుంటానమ్మా. చెయ్యి నా మాట వినట్లేదు."

ఆమె ఆ రోజు రావలసినవాళ్ళందరికీ ఫోన్ చేసి రేపు రమ్మంది. మధ్యాహ్నం లిఫ్టు మెకానిక్కయిన భర్త భోజనానికి రాగానే విషయం చెప్పింది.

"పదకొండు రోజులు ఓపిక పట్టు," అన్నాడతను. "తర్వాత ఏ డాక్టరు దగ్గరికైనా తీసుకెళ్తాను. ఇప్పుడు కదిలిస్తే పిల్ల బెదిరిపోతుంది."

"బెదిరిపోయే కదా ఇలా చేసుకుంది!"

"నేనేమైనా తిట్టానా, కొట్టానా?"

అదీ నిజమే. అతను ఏనాడూ గొంతు పెంచలేదు. రోజూ సాయంత్రం చేతులకంటిన గ్రీజు కడుక్కుని, కూతురి కుర్చీ వెనక నిలబడి మోడల్ పేపరు రాయించేవాడు. ఫోన్లో టైము పెట్టి, "ఇంకా గంట... ఇంకా అరగంటే. కాస్త చెయ్యి ఆడాలి డాక్టరమ్మా!" అనేవాడు, ప్రేమగానే.

"ఎన్ని పేపర్లు రాసిందో చూడు. ఇన్ని రాసిన పిల్లకి భయమేంటి?" అంటూ లోపల్నించి ఫైలు తెచ్చి తెరిచాడు.

మొదటి పేపరు మడతలో చిన్న వెంట్రుకల ఉండ ఉంది. రెండోదానిలోనూ ఉంది. మూడోదానిలో కాస్త పెద్దది.

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. "కింద పడేస్తే అమ్మ ఊడ్చేటప్పుడు చూస్తుందని అందులో పెట్టా," అంది.

అతను నాలుగో పేపరు తిప్పలేకపోయాడు.

"ఇంకా అరగంటే అని నువ్వన్నప్పుడల్లా కాయితం మీద అక్షరాలు అలుక్కుపోతాయి నాన్నా. ఒకటి పీకితే కాసేపు మళ్ళీ కనిపిస్తాయి."

"నాతో ఒక్క మాట చెప్పకూడదామ్మా?"

"అందరితో డాక్టరవుతుందని చెప్పేశావుగా. నీ మొహం చిన్నబోతుందని..."

"ఆయనొక్కడేనా? ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకీ నేనూ చెప్పాను," అంది తల్లి. "రోజుకి పది తలలు చూస్తాను. దీపం కిందే చీకటని, ఇంట్లో ఉన్న ఒక్క తలా చూసుకోలేదు." కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

ఆ సాయంత్రమే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. జుట్టు తిరిగి వస్తుందనీ, అసలు బాధ చర్మానిది కాదనీ చెప్పి, చర్మం డాక్టరు వాళ్ళని పిల్లలతో మాట్లాడే ఇంకో డాక్టరు దగ్గరికి పంపింది. ఇంట్లో గడియారం పెట్టి పేపర్లు రాయించొద్దని ఆ రెండో డాక్టరు అంది. "మరి పరీక్షలో..." అనబోయి, తండ్రి నోరు మూసుకున్నాడు.

ఒక్కరోజులో ఏదీ మారలేదు. పిల్ల చెయ్యి ఇంకా అప్పుడప్పుడు చెవి పైకి వెళ్తూనే ఉంది. కాకపోతే అలా వెళ్ళినప్పుడు లేచి వచ్చి తల్లి పక్కన కూర్చునేది. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక తండ్రి పార్లర్లో తువ్వాళ్ళు మడతపెట్టేవాడు.

పరీక్షలకు ముందు ఆదివారం, పిల్ల తనంతట తనే వచ్చి అద్దం ముందు కుర్చీలో కూర్చుంది.

"పొట్టిగా కత్తిరించెయ్యమ్మా. దీన్ని దాచుకోవడంలోనే సగం బుర్ర అరిగిపోతోంది."

"అచ్చం మీ నాన్నలా ఉంటావే!"

"ఆ మీసాలొక్కటీ పెట్టకు చాలు."

కత్తెర ఆడింది. రెండు వైపులా సమానం చేస్తుంటే బోడిచోటు బయటపడింది. దాని మీద నూగులా కొత్త వెంట్రుకలు లేస్తున్నాయి. పిల్ల అద్దంలో దాన్ని చూసుకుంది, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

తండ్రి చీపురు తెచ్చి, కింద పడ్డ పొడుగాటి జుట్టంతా ఒకచోటికి చేర్చాడు. దోసిట్లోకి తీసుకున్నాడు గానీ చెత్తబుట్ట దాకా వెళ్ళలేక మధ్యలోనే నిలబడిపోయాడు. భుజాలు కదులుతున్నాయి.

పిల్ల కుర్చీ దిగి వెళ్ళి, అతని మోచెయ్యి పట్టుకుంది.

"పారెయ్ నాన్నా. మళ్ళీ పెరుగుతుందిలే."