నలభై ఒక్క వేల క్లిక్కులు, ఒక్క కన్వర్షన్

గురువారం ఉదయం తొమ్మిది గంటలకు ఇమ్మానుయేలు వికారాబాద్ జంక్షన్ రెండో ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని మోకాలికి బెల్టు బిగించుకుంటున్నాడు. వయసు యాభై ఒకటి. ఊరు మర్పల్లి. ఇరవై ఆరేళ్లుగా ప్రభుత్వ గూఢచారి విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. ఇంట్లోవాళ్లకు మాత్రం గోదాముల ఇన్‌స్పెక్టర్.

జామకాయల సంచి పట్టుకుని ఒక నడివయసు స్త్రీ వచ్చి పక్కన కూర్చుంది.

"తాండూరు ప్యాసింజర్ పోయిందా?"

"పోలేదు. పోయినా ఇంకోటుంది."

కోడ్ వర్డ్ అదే. పన్నెండేళ్లుగా రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే మనుషులకు కోడ్ వర్డ్ ఎందుకో అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు. ఆమె అతని చీఫ్, పద్మారాణి.

"మెసేజింగ్ యాప్‌లో తాండూర్ లూట్ డీల్స్ అనే ఛానల్ ఉంది. తెలుసా?"

"మా చెల్లె చూస్తది మేడం. దాంట్లనే కుక్కర్ కొన్నది."

"అందులో పెట్టే ప్రతి లింకూ అఫిలియేట్ లింకే. నొక్కితే క్లిక్. నొక్కి కొంటే కన్వర్షన్, ఛానల్ నడిపేవాళ్లకు కమిషన్. ఇది చూడండి." ఆమె ఫోన్ అతని వైపు తిప్పింది. "పోయిన శనివారం మిస్టరీ డీల్ అని ఒక లింకు పెట్టారు. లోపల ఏ వస్తువుందో చెప్పలేదు. ధర నాలుగొందల తొంభై తొమ్మిది. క్లిక్కులు నలభై ఒక్క వేలు. కన్వర్షన్లు ఎన్ని?"

ఇమ్మానుయేలు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "ఒకటి."

"మిగతా అందరికీ స్టాక్ అయిపోయిందని వచ్చింది. ఒక్క మనిషికే అమ్మారు."

"ఒక్కరి కోసం దుకాణం తెరిచిన్రన్నట్టు."

"అవును. నిన్న బయటి దేశానికి వెళ్లిన ఒక మెసేజ్ పట్టుకున్నాం. 'ఒక కన్వర్షన్ చాలు. గురువారం నాలుగు గంటలకు వస్తువు మిల్లు లోపల ఉంటుంది.' అంతే ఉంది."

మిల్లు అంటే దోమ దాటాక గుట్టల మధ్య కట్టిన, రైస్ మిల్లు అని పిలుచుకునే రహస్య రేడియో కేంద్రం. దానికి బోర్డు లేదు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి అక్కడ మొదటి ట్రయల్. కంట్రోల్ రూమ్‌లో ముగ్గురు ఆఫీసర్లు కోడ్ నంబర్లు ఒకరికొకరు పైకి చదివి వినిపించుకుంటారు. ఆ నంబర్లు బయటికి పోతే, తరవాత ఆ కేంద్రం నుంచి వెళ్లే ప్రతి సందేశం శత్రువు టేబుల్ మీద ఉంటుంది.

"ట్రయల్ ఆపరాదా మేడం?"

"ఒక షాపింగ్ లింకు చూపించి ట్రయల్ ఆపమన్నాను. నవ్వారు." పద్మారాణి గొంతులో కోపం కూడా లేదు. "పన్నెండింటికి లోపలి ఫోన్లన్నీ ఆపేస్తారు. ఆ తరవాత చెప్పాలంటే మనిషే పోవాలి. ఆ కొన్నదెవరో, ఏం కొన్నారో ఆ లోపు కనుక్కోండి."

"ఛానల్ నడిపేది స్నేహలతనే కదా. మన ఇన్ఫార్మరే."

"మన ఇన్ఫార్మరే. మనకొక్కరికేనా అన్నదే నా అనుమానం."

రైలొచ్చింది. ఆమె అతని చేతిలో ఒక జామకాయ, ఒక గేటు పాసు, ఒక నల్లటి పెన్ను పెట్టింది. దొంగ ట్రాన్స్‌మిటర్ దగ్గరకొస్తే పెన్ను వణుకుతుందట. రైల్లో కూర్చున్నాక నొక్కి చూశాడు. బ్యాటరీ లేదు. జామకాయ తిన్నాడు.

తాండూరులో అతను కొరియర్ కంపెనీ చొక్కా వేసుకుని దిగాడు. స్టేషన్ బయట మామూలు బట్టల్లో కానిస్టేబుల్ పూజిత జీపుతో సిద్ధంగా ఉంది. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల మధ్య నుంచి, తెల్లటి దుమ్ములోంచి వెళ్లి ఒక మూడంతస్తుల ఇంటి ముందు ఆగారు.

తలుపు తీసిన స్నేహలతను చూస్తే ఎవరైనా ఒక క్షణం ఆగుతారు. ముప్పై నాలుగేళ్లు. ముదురు ఎరుపు లిప్‌స్టిక్, నెమలికంఠం రంగు చీర, చేతికి మూడు ఉంగరాలు. వెనక గదిలో వీడియోలు తీసే లైట్లు వెలుగుతున్నాయి. కుల్కచర్ల దగ్గర గొర్రెల మందల వెంట తిరిగి పెరిగిన పిల్ల. ఇప్పుడు అరవై వేల మంది ఆమె మాట విని చీపుర్లు, ఫ్యాన్లు కొంటున్నారు.

"ఇమ్మానుయేలన్నా, కొరియర్ డ్రెస్సు నీకు బిగుతయింది."

"పెద్దసైజు లేదన్నరు. శనివారం మిస్టరీ డీల్, స్నేహా. కొన్నదెవరు?"

"నా అమ్మకాల లెక్కలుండే డాష్‌బోర్డు మీకిచ్చిన కదా."

"అందుల సబ్ ఐడీ నంబరే ఉంది. పేరు లేదు. ఆ నంబర్లు మనుషులకిచ్చేది నీ ఛానల్ల తనంతట తనే జవాబులిచ్చే బాట్. ఏ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక నీ దగ్గరుంది."

ఆమె కాసేపు ఉంగరాలు తిప్పుకుంది. తరవాత ల్యాప్‌టాప్ తెరిచింది. "కన్వర్షన్ టైం పొద్దుగాల ఐదు నలభై. ఐదు నలభైకి లింకు నొక్కింది గీయన. ఈశ్వర్. మిల్లు క్యాంటీన్‌కు పాలు పోస్తడు. పరిగిల ఉంటడు."

పాలవాడు. రోజూ లోపలికి పోయే క్యాన్లు. అన్నీ సరిగ్గా సరిపోయాయి. ఇమ్మానుయేలు లేచాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. జేబులోంచి ఫోన్ తీసి ఛానల్లో శనివారం దాకా వెనక్కి జరిపాడు.

"స్నేహా. పోస్టు పెట్టింది పొద్దుగాల పదకొండు దాటినంక. పదకొండు రెండు. ఈశ్వర్ ఐదు నలభైకే ఎట్ల కొన్నడు?"

ఆమె ల్యాప్‌టాప్ మూత సగం దించింది.

"నీ పట్టికల ఉన్నది మన టైం. డాష్‌బోర్డుల ఉన్నది మన టైం కాదు, ఇంటర్నేషనల్ టైం. మనం ఐదున్నర గంటలు ముందుంటం. ఐదు నలభైకి ఐదున్నర కలిపితే పదకొండు పది." అతను తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "ఈశ్వర్ నొక్కింది వేరే లింకు. పదకొండు పదికి నొక్కినోళ్ల పేరు చెప్పు."

"గంత లెక్క నీకు రాదనుకున్న," అంది స్నేహలత. నవ్వడానికి ప్రయత్నించింది, కుదరలేదు. "అన్నా, మొదట్ల నాకు తెల్వదు. నెట్‌వర్క్ మేనేజర్ అని ఒకడు మాట్లాడేటోడు. ఎవరికేం కావాల్నో బాట్‌తోని అడుగుమన్నడు, ఇంట్ల ఎవరు ఏం పని చేస్తరో అడుగుమన్నడు. మార్కెటింగే అనుకున్న. తెలిసేసరికి నా పాత వీడియోలన్నీ, నా ఖాతాలన్నీ వాని చేతుల ఉన్నయి. ఇటు మీరు, అటు వాడు. రెండేండ్లయింది. అలిసిపోయిన."

"నేను ఇరవై ఆరేండ్ల సంది అలిసిపోయే ఉన్న. చూపెట్టు."

పట్టిక తెర మీదకు వచ్చింది. వేల పేర్లు. ప్రతి పేరు పక్కన వాళ్లు బాట్‌కు రాసుకున్న కోరిక. బిడ్డకు సైకిల్. తడవని స్కూలు సంచి. నడుం నొప్పికి బెల్టు. పగలని అద్దం. ఇమ్మానుయేలు వాటిని చదువుతూ కిందికి జరిగాడు. ఇంతమంది మనసులో మాటలు ఎక్కడో సముద్రం అవతల ఎవరో కూర్చుని చదివారు. చదివి, ఒకటి ఎంచుకున్నారు.

పదకొండు పది. సుమిత్రమ్మ, దోమ.

"మా ఆయనకు చెవుల మిషన్ కావాలె. పదకొండేండ్లాయె వినవడక. జర తక్కువకు దొరికితే చెప్పుండ్రి. గుట్టల కాడ సర్కారు ఆఫీసుల జనరేటర్ చూస్తడు."

కింద బాట్ ఇచ్చిన జవాబు: 'మీరడిగింది శనివారం మిస్టరీ డీల్‌లో ఉంది.' ఇమ్మానుయేలు రెండూ రెండుసార్లు చదివాడు. ఫోను, వాచీ, పెన్ను, ఏదీ మిల్లు గేటు దాటనివ్వరు. చెవి మిషన్‌ను మాత్రం ఎవరూ ఆపరు.

"అది వింటదా, స్నేహా? మనిషికి వినిపించుడు కాదు. వింటదా?"

"అన్నీ రికార్డు చేసుకుంటదట. మనిషి బయటికి రాంగనే గేటు కాడ కారుల ఉన్నోని ఫోనుకు పంపుతదట. బండల వ్యాపారినని చెప్పుకొని తిరుగుతున్నడు. తెల్ల కారు."

"నీ ఫోన్లు రెండూ టేబుల్ మీద పెట్టు. పూజిత నీతోనే కూసుంటది."

ఒంటిగంట దాటింది. అప్పటికే మిల్లు ఫోన్లు మూగబోయాయి. అతను పద్మారాణికి తెల్లకారు సంగతి చెప్పి, జీపు తనే నడుపుకుంటూ బయల్దేరాడు. కొడంగల్ దాటేదాకా నాపరాళ్ల లారీలు అడ్డం. కంది చేలు రెండువైపులా ఎండలో నిలబడి ఉన్నాయి. గేరు మార్చిన ప్రతిసారీ మోకాలు గుచ్చింది.

దోమలో సుమిత్రమ్మ ఇల్లు దొరికేసరికి మూడుంబావు. ముందు మేకల కొట్టం. ఆమె ఆకు కొమ్మలు కట్టలు కడుతోంది.

"అమ్మా, కొరియర్. మీరు కొన్న చెవి మిషన్ల లోపముందట. వాపస్ తీసుకపోనీకి వచ్చిన."

"లోపమా? ఏం లోపం లేదు బిడ్డా, మంచిగుంది." ఆమె ముఖం వెలిగింది. "నిన్ననే వచ్చింది. పెట్టుకున్నడు. మేకపిల్ల అరిస్తే ఉలిక్కిపడ్డడు. నేను పిలిస్తే పలికిండు. బండలు కోసే మిషన్ల కాడ పనిచేసి చెవులు పోయినయి ఆయనకు. పదకొండేండ్ల సంది చేతులతోనే మాట్లాడుకుంటున్నం. రాత్రంతా ఏదో ఒకటి చెప్పించుకున్నడు నాతోని."

"ఇప్పుడేడున్నడు?"

"డూటీకి పోయిండు. అది పెట్టుకొనే పోయిండు. ఇయ్యాల పెద్ద సార్లు వస్తున్నరట." ఆమె అతని ముఖం చూసి ఆగింది. "ఏమయింది? పైసలు తక్కువైనయా?"

"లేదమ్మా. మీ తప్పేం లేదు."

మిల్లు గేటుకు చేరేసరికి నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ. రోడ్డు పక్కన చెట్టు కింద తెల్ల కారు ఆగి ఉంది. ఇమ్మానుయేలు దానివైపు చూడకుండా దాటిపోయాడు. అది పద్మారాణి పని.

గార్డు ఏసుదాసు పాసు రెండువైపులా తిప్పి చూశాడు. "ట్రయల్ మొదలైతున్నది సార్. ఆగాలె."

"జనరేటర్ చూసే శివయ్య లోపలికి పోయిండా?"

"ఇప్పుడే పోయిండు. ట్రయల్ల కరెంటు పోతే చూసుకోనీకి కంట్రోల్ రూమ్‌లనే ఉంటడు. చెవి మిషన్ కొన్నడు సార్, మస్తు ఖుషీగున్నడు. నా పేరు చెప్పమని రెండుసార్లు అడిగి విన్నడు."

"ఆ మిషన్ లోపలికి పోవద్దు. గేటు తియ్యి."

ఏసుదాసు అతని కళ్లలోకి చూశాడు, గేటు తీశాడు. ఇమ్మానుయేలు పరుగెత్తాడు. పరుగు అనడానికి లేదు, ఒక కాలు పరుగెత్తితే ఇంకో కాలు దాని వెంట వచ్చింది. జనరేటర్ షెడ్డు దాటాడు. పొడవాటి వరండా. చివర్లో ఇనుప తలుపు, దాని పైన ఎర్ర బల్బు. ఒక ఖాకీ చొక్కా మనిషి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. గోడ గడియారం నాలుగుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"శివయ్యా."

ఊపిరి లేక ఆ పిలుపు పెద్దగా కూడా రాలేదు. నిన్నటి దాకా అయితే ఆ మనిషి తిరిగి చూసేవాడు కాదు. ఇప్పుడు ఆగాడు. తిరిగాడు. తనను ఎవరో పేరుపెట్టి పిలిచారన్న సంతోషం ముఖం నిండా కనిపించింది.

ఇమ్మానుయేలు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. కొరియర్ రసీదు వెనక రాసి చూపించాడు. "చెవి మిషన్ దొంగది. శత్రువుది. లోపలి మాటలు వింటది. తియ్యాలె."

శివయ్య అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. సంతోషం మెల్లగా దిగిపోయింది. చెయ్యి చెవి దగ్గరకు పోయింది, అక్కడే ఆగింది.

"తీస్త సార్," అన్నాడు చిన్నగా. "తీసే ముందు ఏదన్న ఒక్క మాట చెప్పుండ్రి. ఇంక మళ్ల వినరాదు కద."

చెప్పే మాటను మిషన్ కూడా రికార్డు చేసుకుంటుంది. ఇరవై ఆరేళ్లలో ఇమ్మానుయేలు అబద్ధాలు లెక్కలేనన్ని చెప్పాడు, హెచ్చరికలు చెప్పాడు, బెదిరింపులు చెప్పాడు. ఇలాంటప్పుడు చెప్పే మాట ఒకటీ దొరకలేదు.

"అన్నం తిన్నవా?" అన్నాడు.

"తిన్న సార్."

శివయ్య రెండు చెవుల్లోంచీ మిషన్లు తీసి అతని అరచేతిలో పెట్టాడు. ఇమ్మానుయేలు వాటిని జీపులోంచి తెచ్చిన స్టీలు డబ్బాలో వేసి మూత బిగించాడు. ఎర్ర బల్బు వెలిగింది. ఇనుప తలుపు అవతల ముగ్గురు ఆఫీసర్లు నంబర్లు చదవడం మొదలుపెట్టారు. అది ఇవతల ఎవరికీ వినిపించలేదు.

అతను గేటు బయటికి వచ్చేసరికి తెల్ల కారు నాలుగు తలుపులూ తెరిచి ఉన్నాయి. పద్మారాణి దాని బానెట్‌కు ఆనుకుని జామకాయ తింటోంది. వెనక సీట్లో బండల వ్యాపారి చేతులకు బేడీలు.

"మీ స్నేహలత ఆ మేనేజర్ పంపిన మెసేజ్‌లన్నీ పూజితకు ఇచ్చేసిందట," అంది ఆమె. "నిద్ర వస్తోందని చెప్పి కుర్చీలోనే పడుకుందట."

"పడుకోనియ్యండి మేడం."

శివయ్యకు కొత్త మిషన్ ఇప్పించాలని ఇమ్మానుయేలు ఆ రాత్రే అర్జీ పెట్టాడు. రెండుసార్లు తిరిగొచ్చింది. గూఢచారి పరికరాల జాబితాలో చెవి మిషన్ లేదన్నారు. మూడోసారి పద్మారాణి స్వయంగా ఫైలు పట్టుకుని నాలుగు గదులు తిరిగింది. నెల రోజుల తరవాత ఒక అట్టపెట్టె వచ్చింది.

అతనే దోమకు తీసుకెళ్లాడు. కొరియర్ చొక్కా లేకుండా, సొంత బట్టల్లో. మేకల కొట్టం పక్కన మంచం వాల్చి సుమిత్రమ్మ చాయ్ ఇచ్చింది. శివయ్య మిషన్ పెట్టుకున్నాడు. కీచుమని ఒక చప్పుడు. సుమిత్రమ్మ చేతులు ఊపడం మానేసి, మాటతో పిలిచింది. అతను తలూపాడు. మళ్లీ పిలిచింది. మళ్లీ తలూపాడు.

ఇమ్మానుయేలు చాయ్ తాగి లేచాడు. శివయ్య జీపు దాకా వచ్చాడు. ఏదో చెప్పాలని ఉంది, మొహమాటపడుతున్నాడు.

"చెప్పు శివయ్యా."

"ఏమనుకోకుండ్రి సార్," అన్నాడు శివయ్య, గొంతు తగ్గించి. "ఆళ్ల మిషనే మంచిగుండె."