దిద్దిన దరువు

చౌరస్తాలో ఇద్దరు ఆటోవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టుకుంటున్నారు. చుట్టూ ఉన్నవాళ్లకు అది బావాబావమరుదుల సరసంలా వినిపిస్తోంది. ఊళ్లో అందరి చెవుల్లోనూ శ్రవణబిళ్ల ఉంది మరి. బయటి చప్పుడును రెప్పపాటులో సరిదిద్ది, వినేవాడికి హాయిగా ఉండేట్టు లోపలికి పంపడం దాని పని.

మొగిలి ఆ జనాన్ని చూసి మూతి వంకర తిప్పాడు. చక్కెరనీళ్లు తాగి బతికే మంద, అనుకున్నాడు. అతని చెవిలోనూ అదే బిళ్ల ఉంది. అది లేనివాడికి గోదావరిఖనిలో ఉద్యోగం ఇవ్వరు. ఆ సంగతి మాత్రం తలుచుకోడు.

అతను ‘మసిగుండం’ అనే డెత్ మెటల్ బ్యాండులో గిటారు వాయిస్తాడు. సారక్క గొంతు చించుకుని గర్జిస్తుంటే, ఆ గర్జన కింద తీయని రాగమొకటి ఏడుస్తూ నడవాలి. డ్రమ్ములు ఓదెలువి. పాడుబడిన కలప షెడ్డులో ఇరవై ఏళ్లుగా వాళ్లదొక కట్టుబాటు: సాధనలో ఎవరైనా తప్పు వాయిస్తే ఆపకూడదు. ముగ్గురూ ఆ తప్పునే మూడుసార్లు వాయించాలి. నచ్చితే ఉంచేసుకోవాలి. రెండో ఆల్బంలోని కుంటినడక దరువు ఓదెలు కాలు తడబడి పుట్టింది. నాలుగో ఆల్బంలో జనాన్ని ఏడిపించిన రాగం మొగిలి వేలు పక్క తీగ మీదికి జారితే వచ్చింది. వాళ్ల సంగీతం ఎదిగిందంతా అలాగే.

బిళ్లలొచ్చిన ఈ నాలుగేళ్లలో ఒక్క తప్పూ దొర్లలేదు. ఏడో ఆల్బం, ఎనిమిదో ఆల్బం కవలల్లా వచ్చాయి. రెండూ అద్భుతమన్నారు శ్రోతలు. వాళ్ల మెప్పు మొగిలికి మరింత రోత పుట్టించింది.

“మీ ఇద్దరికీ భయం పట్టుకున్నది,” అన్నాడు షెడ్డులోకి వస్తూనే. “నాలుగేండ్లల్ల ఒక్క తప్పన్న జేసిండ్రా?”

“తప్పు జేస్తలేమని తిడుతున్నవా?” సారక్క నవ్వింది. “చెయ్యి తిరిగిందిరా మాకు.”

“మీ మొఖాలకు చెయ్యి తిరుగుడొకటి! బిళ్లలు తీసి వాయించుండ్రి, జూద్దాం.”

ముగ్గురూ బిళ్లలు తీసి పక్కన పెట్టారు. పాట ఎత్తుకోగానే మొగిలికి ముందుగా తన గిటారే మొద్దుగా వినిపించింది. చిరాకు పడ్డాడు. అంతలో డ్రమ్ముల దరువు తూలింది. రెండు దెబ్బలు పడ్డాయి, మూడోది రాలేదు, నాలుగోది ఆలస్యంగా వచ్చి పడింది.

“దొరికింది!” మొగిలి కేక పెట్టాడు. అలాంటి నడక అతను ఎన్నడూ వినలేదు. తొమ్మిదో ఆల్బం కళ్లముందు కదిలింది. “మూడుసార్లు! ఊఁ, కానియ్!”

మొదటిసారి దెబ్బ ఇంకోచోట తప్పింది. రెండోసారి మరోచోట. మూడోసారి డ్రమ్ము పుల్ల చేతిలోంచి జారి కింద పడింది.

“అదే తప్పు జేయరా అంటే సారికో తీరు జేస్తున్నవేంది? పొద్దుగాల్నే తాగొచ్చినవా?”

ఓదెలు ఎడమచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి.

“నేను వాయించేది గిట్లున్నదా?” అన్నాడు మెల్లగా. “నాకు మంచిగనే వినవడేదిరా. ఇన్నేండ్లూ.”

సారక్క అతని చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. ఆమె తండ్రికి వణుకుడు జబ్బు ఇలాగే మొదలైంది. మొదట్లోనే తీసుకొస్తే కొంతకాలం ఆపగలిగేవాళ్లమని అప్పట్లో డాక్టరు అన్నాడు.

మొగిలికి పోయిన చలికాలం గుర్తొచ్చింది. ఓదెలు చొక్కా మీద చాయ్ ఒలకబోసుకుంటే ముసలోడివైనావని వారం రోజులు అందరిముందూ ఎగతాళి చేశాడు. చెవులకు బిళ్ల ఉంది సరే, కళ్లకేమైంది? తన మీద తనకే అసహ్యం వేసింది.

“రేపే పోదాం దవాఖానకు,” అంది సారక్క.

“పోదాం తియ్యి.” ఓదెలు వంగి పుల్ల తీసుకున్నాడు. బిళ్లను మళ్లీ చెవిలో పెట్టుకుని పాట మొదటి వరుస వాయించాడు. దెబ్బలు ఎక్కడివక్కడ చెదిరిపోతున్నాయి. అతని ముఖం మాత్రం తేటపడింది.

“ఇప్పుడెట్లున్నదిరా?”

మొగిలి చెవి ఖాళీగానే ఉంది. ప్రతి దెబ్బా విన్నాడు. ఇరవై ఏళ్లలో అతను ఎవరి వాయింపునూ ఒక్కసారైనా మెచ్చుకున్నవాడు కాదు.

“మంచిగున్నదిరా,” అన్నాడు.

ఓదెలు నవ్వి మళ్లీ ఎత్తుకున్నాడు.