బూటు దారంతో కుట్టిన డైనోసార్

"ఆ కుట్లు విప్పారంటే మీ చేతులు విరిచేస్తాను!"

తొరూన్ ఊళ్ళో ఆదివారం సంతలో, పాత బొమ్మల బల్ల దగ్గర, ప్రేమ అనేది నా జీవితంలోకి ఈ మాటతో అడుగుపెట్టింది. అప్పట్లో మాత్రం ఆ అరిచినామె ఎవరో తిక్కమనిషి అనుకున్నాను.

"ఏ కుట్లండీ?"

"డైనోసార్ల తిమొన్ మీరే కదా? మొన్న వీడియోలో ఒక టైరనోసారస్‌ను పట్టుకుని, ఎవడో మొరటోడు దీన్ని బూటులా కుట్టాడని పగలబడి నవ్వారు. వచ్చే శనివారం లైవ్‌లో ఆ కుట్లన్నీ విప్పుతానన్నారు. ఆ మొరటోడు మా నాన్న!"



పగలు నేను బస్సు పాసుల కౌంటర్లో కూర్చుంటాను. సాయంత్రాలు డైనోసార్ సినిమాల బొమ్మలు సమీక్షిస్తాను. చూసేవాళ్ళు పదకొండు వేలమంది. ఈ టైరనోసారస్ మొదటి సినిమానాటిది, ఒళ్ళంతా మెత్తటి రబ్బరు. చర్చివాళ్ళు పేదలకోసం పెట్టిన పాతసామాన్ల అమ్మకంలో దొరికింది. పొట్ట మీద జానెడు చిరుగు, దానికి నల్లటి లావుపాటి దారంతో కుట్లు. మా లోకంలో మరమ్మతు కనబడిందంటే బొమ్మ పరువు పోయినట్టే. కుట్లు విప్పి, జిగురు పెట్టి, పైన రంగు వేసి మాయ చేద్దామని నా ప్లాను.

"దానికింత గొడవ ఎందుకండీ? మీ నాన్నగారు కావాలంటే ఇంకోటి కుట్టుకుంటారు," అని నోరు జారాను.

ఆమె కోపం చప్పున చల్లారిపోయింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నా చేతిలోని సంచి మీదే పెన్నుతో చిరునామా రాసింది.

"నా పేరు బొగ్నా. రేపు ఐదింటికి రండి. బొమ్మను కూడా తీసుకురండి."

మర్నాడు జోరువాన. మూడో అంతస్తు ఎక్కి, గుమ్మంలో బూట్లు విప్పి, వాళ్ళిచ్చిన ఇంటి చెప్పులు వేసుకున్నాను. కిటికీ పక్కన కుర్చీలో బొగ్నా వాళ్ళ నాన్న సెవెరిన్‌గారు కూర్చుని ఉన్నారు. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో కదలకుండా పడి ఉంది. పక్షవాతం వచ్చి రెండేళ్ళయిందట. నేను సంతలో అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన నా పేరైనా అడగలేదు. "ఆ అబ్బాయి బూట్లు ఇటు తే అమ్మా," అన్నారు. ఎడమచేత్తో తిప్పి చూశారు. "మడమలు బయటివైపు అరిగాయి. తొందర మనిషివి బాబూ నువ్వు."

"అందులో అనుమానమే లేదు," అంది బొగ్నా.

నేను బొమ్మను ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన వేలు కుట్ల మీద మెల్లగా నడిచింది.

"ఇరవై రెండు కుట్లు. అప్పుడు మా బొగ్నాకు ఆరేళ్ళు. పక్కింటి కుక్క బొమ్మను చీల్చేసింది. ఒకటే ఏడుపు! మైనం పట్టిన దారం, రెండు సూదులు, ఎదురెదురుగా దూర్చాను. ఒక వైపు తెగినా రెండో వైపు వదలదు."

"వీడియోలో మిమ్మల్ని మొరటోడన్నాను. క్షమించండి."

"నాలుగుసార్లు చూశాను ఆ వీడియో," అని ఆయన నవ్వారు. "మా అమ్మాయి కోపంతో ఊగిపోతోంది కానీ నాకు భలే సంతోషమేసింది. బూటు కుట్టు అని గుర్తుపట్టావుగా! నలభై ఏళ్ళు ఈ ఊరి కాళ్ళకు బూట్లు కుట్టాను బాబూ. తొడిగారు, అరగదీశారు, పారేశారు. బూటు బతుకే అంత. దీన్నేమో మా ఆవిడ పాతసామాన్లతో కలిపి చర్చికి ఇచ్చేసింది. నా చేతిపని ఇంకా ఒకటి మిగిలుందని నీ పుణ్యమా అని తెలిసింది."

"మరి నేను విప్పేస్తే?"

"నీ బొమ్మ. నీ ఇష్టం."

అన్నారే కానీ, ఆయన వేలు మాత్రం ఆఖరి కుట్టు మీద నుంచి కదల్లేదు.

బొగ్నా నిమ్మకాయ టీ, గసగసాల రొట్టె పెట్టింది. వెళ్ళేటప్పుడు మెట్లదాకా వచ్చింది.

"ఆయన నోరు తెరిచి ఏదీ అడగరు. అందుకే నేను అరిచాను."

"అరిచి చాలా మేలు చేశారండీ. నిజంగా."

"మీరు మామూలుగా కూడా మాట్లాడతారన్నమాట!" అని నవ్వేసింది. ఆ నవ్వు చూస్తూ రెండు మెట్లు ఒకేసారి దిగి, పడబోయి నిలదొక్కుకున్నాను.

శనివారం లైవ్‌కి ఆరువందలమంది వచ్చారు. కుట్లను కెమెరాకు దగ్గరగా పెట్టాను.

"ఇవి విప్పను. వీటిని చూసి నవ్వడం నా తప్పు. కుట్టినాయన పేరు సెవెరిన్. ఈ బొమ్మ ఫ్యాక్టరీలో ఒకసారి పుట్టింది, ఆయన చేతిలో రెండోసారి పుట్టింది."

"సెంటిమెంటుకు కూడా మార్కులేస్తావా?" అని ఒకడు రాశాడు.

"వేస్తాను. నచ్చకపోతే పక్క ఛానల్‌కి పో," అన్నాను.

అప్పుడు ఒకావిడ ఫొటో పంపింది. పాత గోధుమరంగు బూట్లు, వాటి పక్కల వెంబడి అదే నల్లదారం కుట్లు. "ఇవి మా నాన్నవి. సెవెరిన్‌గారే కుట్టారు. చలికాలం వస్తే ఇప్పటికీ ఇవే వేసుకుంటారు," అని రాసింది.

ఇంతలో బొగ్నా నుంచి మెసేజ్ వచ్చింది: "నాన్న ఫొటో చూసి ఏడుస్తున్నారు. మేమందరం ఏడుస్తున్నాం. థాంక్స్."

మర్నాడు బొమ్మను అట్టపెట్టెలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"ఇది మీ ఇంటిది. తీసుకోండి."

బొగ్నా చెయ్యి చాచలేదు. "మీ దగ్గరే ఉండనివ్వండి. ప్రతి ఆదివారం నాన్నను మీ ఇంటికి తీసుకొచ్చి చూపిస్తాను."

"ప్రతి ఆదివారమా?"

"వానొచ్చినా సరే."

"పాపం ఆయన మూడంతస్తులు దిగి ఎక్కాలి కదా! బొమ్మ ఇక్కడే ఉంటే హాయిగా..."

బొగ్నా ముఖం ఎర్రబడింది. లోపలి నుంచి సెవెరిన్‌గారి గొంతు ఖంగుమంది.

"ఓరి పిచ్చినాగన్నా! ఇరవై రెండు కుట్లు చూడ్డానికి నాకు వారం వారం ఊరేగింపు కావాలా? మా అమ్మాయి మనసు నాకు తెలుసు. మెట్లు దిగేది నేను, నీకేం నొప్పి? సరే అను!"

బొగ్నా తల దించుకుని, "విన్నావుగా," అంది.

అంతకంటే మంచి మాట నేను పుట్టాక వినలేదు. పెట్టెను గుండెకు హత్తుకుని, ఆ ఇద్దరికీ వినబడేలా "సరే," అన్నాను.