ఊడిన పన్ను

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులో పనిచేయడం నాకు ఇష్టమే. ప్రాణం తీసే మేనేజర్ ఉండడు, బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కూడా తక్కువ. కాకపోతే ఆ రోజు ఇంట్లో ఎవరూ లేక మా ఆరేళ్ళ కీర్తనని వెంటబెట్టుకెళ్ళాను.

పని చిన్నదే. మేం రాసిన కోడ్‌నంతా కూర్చి ప్రోగ్రామ్ తయారుచేసే బిల్డ్ స్క్రిప్టు ఒకటుంది. మా కస్టమర్లలో చాలామంది ఇంకా పాత టూల్సే పట్టుకుని వేళ్ళాడుతున్నారు. అందుకని ఆ స్క్రిప్టుని 2025 వెర్షన్ మొదలు 2018 దాకా, ఒక్కో ఏడాదీ వెనక్కి వెళ్తూ నడిపి చూడాలి. ఆ వెర్షన్లన్నీ సర్వర్ గదిలో ఉన్న కంప్యూటర్లోనే ఉన్నాయి. ఆ గదిలోకి చెప్పులతో వెళ్ళనివ్వరు. ఇద్దరి చెప్పులూ గుమ్మం పక్కన విడిచి, లోపల చలి ఎక్కువని కీర్తనని బయట కుర్చీలో కూర్చోబెట్టి తలుపు వేసుకున్నాను.

కిటికీ లేని గది. ఏసీ హోరు. తలుపు అవతల కీర్తన రెండో ఎక్కం గట్టిగా చదువుతోంది. మొన్న శుక్రవారమే దాని ముందు పన్ను ఊడింది. మా అత్తగారు ఆ పన్నుని పేడలో చుట్టి ఇంటి కప్పు మీదకి విసిరేయించారు. ఇప్పుడు అంకె అంకెకీ గాలి పోతోంది. నాకు నవ్వొచ్చింది.

2025 పాసయింది. తర్వాత 24, 23. ఎక్కం ఆగిపోయి ఏదో పాట మొదలైంది. 22కి వచ్చేసరికి అన్నీ ముద్దుమాటలే. వేషాలు, అనుకున్నాను. 2020 నడుస్తుండగా నేల మీద అరచేతులు తపతపా కొట్టిన చప్పుడు. ఆ తర్వాతి వెర్షన్‌కి తలుపు సందులోంచి సాంబ్రాణి వాసన... పసిపిల్ల ఏడుపు. పక్క బిల్డింగులో ఎవరో బిడ్డకి నీళ్ళు పోస్తున్నారనుకున్నాను.

2018 నొక్కాను.

ఏడుపు ఆగిపోయింది.

"కీర్తనా?"

తలుపు తీశాను. కుర్చీ ఖాళీ. గుమ్మం పక్కన ఒక్క జతే ఉంది... నాది.

వట్టికాళ్ళతో మెట్ల దాకా పరిగెత్తాను. "పుల్లయ్య గారూ! మా పాప కిందకి వచ్చిందా?"

వాచ్‌మన్ పుల్లయ్య తల పైకెత్తాడు. "పాపేంటి మేడమ్? మీరొక్కరే కదండీ వచ్చారు."

ఫోన్ తీశాను. ఒక్క ఫోటోలోనూ కీర్తన లేదు.

అప్పుడు తట్టింది. ఎక్కం, ముద్దుమాటలు, పాకడం, ఏడుపు... నా చేత్తో నేనే దాన్ని ఒక్కో ఏడాదీ వెనక్కి నెట్టేశాను. లోపలికి పరిగెత్తి, వెర్షన్ల జాబితాలో పైదాని మీద నొక్కాను. వరుసలు కదులుతున్నాయి... కదులుతున్నాయి...

"అమ్మా!"

బయట కుర్చీలోనే ఉంది. బుజ్జి చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. వాటేసుకుని భోరుమన్నాను. నా ఏడుపు చూసి అది నవ్వింది.

ముందు పన్ను ఉంది.

దాన్ని చంకనెత్తుకునే లోపలికి వెళ్ళి తెర చూశాను. కంగారులో నొక్కింది పై వరుస కాదు, దాని కిందది. 2024. ఇది నిరుటి కీర్తన. మరి ఇందాక ఎక్కం చదివిన నా తల్లి ఎక్కడుంది?

2025 మీదకి వేలు జరిపాను. నొక్కితే అది వస్తుంది. మరి ఇది...?

చిన్న చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. చల్లగా ఉంది.

"నొక్కొద్దమ్మా," అంది గుసగుసగా. "మళ్ళీ నన్ను అక్కడికి పంపకు."