ఒకే సెకనులో రెండు తాళంచెవులు

"పన్నెండింటికి అప్‌డేట్ వెళ్తుంది. బయటి దేశాల్లో ఉన్న మన నలభై మంది ఏజెంట్ల ఫోన్లలోకి," అన్నాడు చీఫ్. "మన రహస్య సందేశాల సాఫ్ట్‌వేర్‌ని లోపలివాళ్లే ఎవరో పాడుచేశారని కబురొచ్చింది. ఎవరో తెలీదు. నీకున్నది మూడు గంటలు."

గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్‌నేమ్ పిచ్చుక. మెడలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఐడీ కార్డుతో తొమ్మిదింటికి ల్యాబ్‌లో అడుగుపెట్టింది. మూడు రకాల ఫోన్లకి మూడు బిల్డ్‌లుగా సాఫ్ట్‌వేర్‌ని సిద్ధం చేసే బిల్డ్ రూమ్‌కి ఇన్‌చార్జి ఆమె సొంత వదినే. ముదురెరుపు లిప్‌స్టిక్, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. కారిడార్‌లో నడిస్తే తలలు తిరుగుతాయి. ఆవిడకి తెలిసినంతవరకు ఆడపడుచు మామూలు టెస్టర్.

"ఏంటే, మొహం అలా పీక్కుపోయింది? తిన్నావా?"

"మూడో బిల్డ్‌లో ఒక టెస్టు అప్పుడప్పుడు ఫెయిలవుతోంది వదినా. మిగతా రెండు బిల్డ్‌లలో బానే ఉంది."

"అది మొదట్నుంచీ పెంకిదే. మళ్లీ రన్ చెయ్."

చేసింది. పాసయ్యింది. తనకి కోడ్ రాయడం నేర్పింది ఈ వదినే. ఆ నమ్మకంతో లేవబోయింది కూడా.

కానీ ఆ టెస్టు చేసేదల్లా, సందేశాలకి తాళం వేసే డిజిటల్ తాళంచెవులు రెండు ఒకదాని తర్వాత ఒకటి తయారుచేసి, అవి వేర్వేరుగా ఉన్నాయో లేదో చూడటమే. అది ఒక్కసారైనా ఎందుకు ఫెయిలవ్వాలి?

రెండొందల సార్లు రన్ చేసి, లాగ్‌లోని టైములు పక్కపక్కన పెట్టింది. రెండూ ఒకే సెకనులో తయారైతే ఫెయిల్. మధ్యలో సెకను మారితే పాస్.

మూడో బిల్డ్ తాళంచెవిని ఎవరూ ఊహించలేని అంకెలతో కాకుండా గడియారంలోని సెకను చూసి తయారుచేస్తోంది. సందేశం ఎప్పుడు పంపారో తెలిస్తే శత్రువు దాన్ని ఇట్టే చదివేస్తాడు. ఫైల్ మార్చినవాళ్ల లాగిన్ వెతికింది. వేలిముద్ర లేనిదే తెరుచుకోని లాగిన్ అది. వదినది.

పదకొండూ యాభై ఎనిమిదికి బిల్డ్ రూమ్ తలుపు తోసింది.

"అప్‌డేట్ ఆపు వదినా."

వదిన స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. "అయితే నువ్వు టెస్టర్‌వి కాదన్నమాట."

"ఆ నలభై మంది ఏజెంట్లలో అన్నయ్యా ఉన్నాడు. మూడో బిల్డ్ వెళ్లేది ఆయన ఫోన్‌కే. తెలుసా నీకు?"

"తెలుసు. ఆయన్ని పెళ్లి చేసుకోమన్నదే నన్ను పంపినవాళ్లు."

పిచ్చుక ఒక అడుగు ముందుకేసింది. "మరి నాకు నేర్పిందంతా?"

"అది ఎవరూ చెప్పలేదు. నాకే నేర్పాలనిపించింది."

అంటూనే 'పంపు' నొక్కేసింది. స్క్రీన్ మీద అంకెలు పది నుంచి కిందికి దిగుతున్నాయి. పిచ్చుక టేబుల్ కిందికి దూరి, సర్వర్‌కి వెళ్లే కేబుల్‌ని రెండు చేతులతో లాగేసింది. అంకె ఒకటి దగ్గర ఆగింది.

పిచ్చుక పిలిచిన గార్డులు తీసుకెళ్తుంటే వదిన వెనక్కి తిరిగి చూడలేదు.

పది నిమిషాలకి అన్నయ్య నుంచి సందేశం. "అప్‌డేట్ రాలేదేంటి? మీ వదిన ఎప్పుడూ ఆలస్యం చెయ్యదే. కాస్త కనుక్కో."

పిచ్చుక మూడుసార్లు రాసి చెరిపేసింది. చివరికి పంపింది:

"కనుక్కున్నా. వదిన సెలవులో ఉంది. చాలా పెద్ద సెలవు."